బూడిద తేలిన కాళ్లు, మాఘమాసంలో పెళ్లి

కాకినాడ నుంచి ఆదిలాబాద్‌కు బదిలీ అయిన ఒక బ్యాంకు ఉద్యోగిని చర్మ డాక్టరునైన నాకు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరం. సంగతి పోకుండా కుదించి చెబుతాను.

ఆమెకు 27 ఏళ్లు. ఒంటిరంగు నలుపు. “బయోడేటాలో నాన్న చామనచాయ అని రాయించారు, అది నిజం కాదు” అని తనే రాశారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పుట్టి పెరగడం వల్ల ఒంటికి ఏదైనా రాసుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదట. జూన్‌లో ఆదిలాబాద్ బ్రాంచిలో చేరారు. దీపావళి దాటాక మోకాళ్ల కింద బూడిద పూసినట్టయింది. చేప పొలుసుల్లా గళ్లు పడ్డాయి. గోరు తగిలితే సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీత. చలికి తట్టుకోలేక హీటర్ రాడ్‌తో కాచిన నీళ్లు పొగలు కక్కుతుండగానే పోసుకుంటున్నారు, అదీ రెండు పూటలా. “మురికేమో” అని అమ్మ పంపిన సున్నిపిండితో రుద్దుతున్నారు, ఆ తర్వాత సబ్బు.

ఇంతలో పెళ్లి కుదిరింది. ఆగస్టులో, శ్రావణంలో పెళ్లిచూపులు. అక్టోబరు చివర్లో ముఖం కూడా కళ తప్పినట్టు అనిపించి మెడికల్ షాపులో అడిగితే, కౌంటరు దగ్గరి కుర్రాడు ఒక ట్యూబు ఇచ్చి “పెళ్లికూతుళ్లందరూ ఇదే తీసుకెళ్తారు మేడమ్” అన్నాడట. పది రోజుల్లో ముఖం తేటపడింది. నవంబరు మధ్యలో నిశ్చితార్థం. “ఆదిలాబాద్ నీళ్లు బాగా పడ్డాయే నీకు” అని పిన్నులు, “ఫొటోలో కంటే ఒక ఛాయ ఎక్కువే ఉంది” అని కాబోయే అత్తగారు. ఆ హడావిడిలో ట్యూబు ఆదిలాబాద్ గదిలోనే మరిచిపోయారు. రెండో రోజుకే ముఖానికి మిరపకాయ రుద్దినట్టు మంట, బుగ్గల మీద సన్నటి పొక్కులు. తిరిగొచ్చి రాయగానే రాత్రికల్లా తగ్గింది. అప్పుడు భయమేసి ట్యూబు మీద చిన్నక్షరాలు చదివారు. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్.

పెళ్లి ఫిబ్రవరి రెండో వారంలో. బ్యూటీ పార్లర్ ఆవిడ రంగు తేలే ఇంజెక్షన్లతో కలిపి ‘పెళ్లికూతురు ప్యాకేజీ’ చెబుతోంది. రూమ్మేట్ వాళ్ల అన్న దుబాయ్ నుంచి ఒక డబ్బా క్రీము తెచ్చాడు. అమ్మేమో సున్నిపిండి మానొద్దంటున్నారు. “క్రీము ఇప్పుడే ఆపనా, పెళ్లయ్యేదాకా లాగించి అప్పుడు ఆపనా? ఇప్పుడు ఆపితే నిశ్చితార్థంలో వాళ్లు చూసిన మనిషిని నేను కాకుండా పోతానేమో” అని అడిగారు. కింద చిన్నగా ఇంకో ప్రశ్న: కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి తెల్లగా అయిపోయింది, కల్తీదా?

అమ్మా,

మీ ఉత్తరం చదివాక అందులోని తారీకులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. ఆగస్టులో పెళ్లిచూపులు, అక్టోబరు చివర ట్యూబు, నవంబరు మధ్య నిశ్చితార్థం. ఆ కాగితంతో మీకు పని ఉంది, తర్వాత చెబుతాను. ముందు ఒక చిక్కు విప్పాలి. మీ కాళ్లది ఊరి గొడవ, మీ ముఖానిది ట్యూబు గొడవ. రెండూ ఒకే చలికాలంలో వచ్చిపడేసరికి రెంటినీ కలిపి రంగు గొడవ అనుకున్నారు.

కాళ్ల సంగతి చూద్దాం. కాకినాడలో జనవరిలో కూడా గాలి తడిగానే ఉంటుంది. ఆదిలాబాద్‌లో రాత్రిపూట 10 డిగ్రీల లోపుకి దిగడం మామూలే, పైగా గాలి పొడి. ఆ గాలి ఒంట్లోంచి నీటిని లాగేస్తుంది. దాని మీద మీరు పొగలు కక్కే నీళ్లు పోసి, పిండితో రుద్ది, సబ్బు పెట్టి, చర్మానికి సొంతంగా ఉన్న కాస్త జిడ్డునీ కడిగేస్తున్నారు. రోజుకి రెండుసార్లు. చెరువు ఎండితే అడుగున మట్టి బిళ్లలుగా పగిలి అంచులు పైకి లేస్తాయి చూడండి, మీ కాళ్ల మీది పైపొర ఇప్పుడు అలాగే ఉంది. లేచిన ఆ అంచుల మీద వెలుగు పడి చెదిరినప్పుడు తెల్లగా కనిపిస్తుంది. తెల్లవాళ్ల కాళ్ల మీదా ఇదే పొట్టు లేస్తుంది, కానీ సున్నం వేసిన గోడ మీద సుద్దగీత కనపడనట్టు వాళ్లకు కనపడదు. మనకు నల్లబల్ల మీద గీసినట్టు కనిపిస్తుంది. అది మురికి కాదు. రుద్దినకొద్దీ ఎక్కువవుతుంది.

ఆ తెల్లగీత గురించి రాసింది చదివి నవ్వుకున్నాను. చిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా కాలవలో ఈతకెళ్లి వస్తే మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని గోరుతో ఒక గీత గీసేది. తెల్లగా పడిందంటే వీపు విమానం మోతే. నీళ్లలో ఎక్కువసేపు నానితే తేమను పట్టి ఉంచే సరుకు చర్మంలోంచి కరిగిపోతుందని, ఆరాక గోరు తగిలితే పైపొర పొడిలా లేస్తుందని ఆవిడకు తెలియదు. పరీక్ష మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

కాబట్టి స్నానం మార్చాలి. నీళ్లు కాచుకోండి, కానీ పసిపిల్లకు పోసేముందు ముంజేతి మీద పోసి చూస్తారే, ఆ వేడి చాలు. ఒక పూట చాలు, పది నిమిషాల లోపు. రెండో పూట తప్పదనుకుంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోండి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. చర్మానికి కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది, మామూలు సబ్బుది క్షారగుణం. రోజూ చెమట పట్టని పిక్కలకు సబ్బుతో పనేమిటి?

తువ్వాలుతో తుడవొద్దు, అద్దండి. ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే, బాత్‌రూమ్ తలుపు తీయకముందే, మూడు నిమిషాల్లోపు రాసుకోవాల్సింది రాసేయండి. ఏం రాయాలన్నదానికంటే ఎప్పుడు రాస్తున్నారన్నదే ముఖ్యం. వాజిలీన్ అని మనందరం పిలిచే పెట్రోలియం జెల్లీ 1872లో పేటెంటు తీసుకున్న సరుకు, ఇప్పటికీ దాన్ని మించింది పెద్దగా లేదు. అయితే అది చర్మానికి నీళ్లివ్వదు, ఉన్న నీళ్లను బయటికి పోనివ్వదు. పొడిచర్మం మీద రాసి ‘జిడ్డు తప్ప లాభం లేదు’ అనేవాళ్లంతా చేసే పొరపాటు ఇదే. గ్లిజరిన్ వాడేట్టయితే సగానికి సగం నీళ్లు కలపండి. ఇంత పొడిగాలిలో ఉత్త గ్లిజరిన్ పూస్తే గాలిలో తేమ దొరక్క మీ చర్మంలో ఉన్నదాన్నే లాగుతుంది. పిక్కలకు, మడమలకు రాత్రిపూట 10 శాతం యూరియా ఉన్న క్రీము బాగా పనిచేస్తుంది. పగుళ్లు ఉన్నచోట మాత్రం చురుక్కుమంటుంది, అవి మానేదాకా జెల్లీతో సరిపెట్టుకోండి. స్వెట్టరు, ఊలు మేజోళ్లు నేరుగా ఒంటికి తగలకుండా లోపల నూలుబట్ట వేసుకోండి. దురదకు గోకితే మన చర్మం గుర్తు పెట్టుకుంటుంది. గోకిన చోటల్లా నల్లమచ్చ పడి నెలల తరబడి పోదు.

ఇలా మూడు వారాలు చేసినా పొలుసులు అలాగే ఉంటే, లేదా మీ అమ్మగారికో నాన్నగారికో ఏటా ఇలాగే అయ్యేదంటే, డాక్టరుకు చూపించండి. పుట్టుకతో వచ్చే పొలుసుల చర్మం ఒకటుంది. నీరసం, బరువు పెరగడం తోడైతే థైరాయిడ్ పరీక్ష కూడా.

ఇక ముఖం.

ఆ ట్యూబులో ఉన్నవి మూడు మందులు. మూడూ మంచి మందులే. మంగు మచ్చలున్నవాళ్లకు నేనూ రాస్తాను, మచ్చ ఉన్నంత మేర, లెక్కపెట్టిన వారాలకు, మధ్యలో పిలిచి చూస్తూ. మీకున్నది మచ్చ కాదు, పొడిబారడం. మొమెటాసోన్ స్టెరాయిడ్. అది రక్తనాళాలను కుంచింపజేస్తుంది, మంటను నొక్కిపెడుతుంది, అందుకే పది రోజుల్లో తేటపడినట్టు కనిపించింది. హైడ్రోక్వినోన్ రంగు తయారీని అడ్డుకుంటుంది. ట్రెటినాయిన్ పైపొరను ఊడగొడుతుంది, అసలే పొడిగా ఉన్న ముఖాన్ని ఇంకా ఎండగొడుతుంది. అంటే నీళ్లు లేక ఎండిన చేనుకు మీరు కలుపు మందు కొట్టారు. తిట్టడం లేదు, అమ్మినవాడు చెప్పాల్సిన మాట చెప్పలేదు అంతే. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా కౌంటర్ల మీద ఏం జరుగుతోందో మీ ఉత్తరమే చెబుతోంది.

మానేసిన రెండో రోజు వచ్చిన మంట, చర్మం స్టెరాయిడ్‌కు అలవాటు పడిందనడానికి గుర్తు. తిరిగి రాస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. దీన్ని ఇంతమందిలో చూశాం కాబట్టే ‘స్టెరాయిడ్ పాడుచేసిన ముఖం’ అని మన దేశపు చర్మవైద్యులు దీనికొక పేరే పెట్టుకున్నారు. మీరు వాడింది సుమారు ఆరు వారాలు. ఇది చాలా వరకు వెనక్కి తెచ్చుకోగలిగిన దశ. ఆరు నెలలని రాసి ఉంటే నా గొంతు వేరేగా ఉండేది.

ఇంకొకటి. నేను చదువుకున్న పుస్తకాల్లో ఫొటోలు ఎక్కువగా తెల్లవాళ్ల చర్మాలవే. వాళ్లకు మంట పుట్టినచోట ఎర్రబడుతుంది. మనకు ఎర్రగా కనపడదు, వంకాయ రంగులోకో, ముదురు గోధుమకో, బూడిద రంగులోకో తిరుగుతుంది. అందుకని హడావిడిగా చూసిన డాక్టరుకు ‘ఏమీ లేదే’ అనిపించవచ్చు. మీరు నోటితో చెప్పండి: మండుతోంది, వేడిగా ఉంది, బిగుసుకుంటోంది అని. మంట ఉన్నప్పుడు కిటికీ వెలుగులో ఫొటో తీసి పెట్టుకోండి. ఫోనులో బ్యూటీ ఫిల్టర్ ఆపి మరీ తీయండి.

మీ ప్రశ్నకు వస్తున్నాను. ఉత్తరం రాసేనాటికి పెళ్లికి దాదాపు పది వారాలుంది. మీ ముందు మూడు దారులున్నాయి.

పెళ్లిదాకా లాగించడం ఒకటి. దీని ఆకర్షణ నాకు అర్థమవుతుంది. ఫొటోలు వస్తాయి, పిన్నులు మెచ్చుకుంటారు. కానీ ఆరు వారాలు కాస్తా పదహారు వారాలవుతుంది. అన్నాళ్లు వాడితే చర్మం పలచబడటం, బుగ్గల మీద సన్నటి నరాలు తేలడం, మొటిమలు, పైపెదవి మీద, చెంపల మీద నూగు రావడం జరగవచ్చు. ఆ పలచబడ్డ ముఖం మీదే పెళ్లినాడు గంటల తరబడి మేకప్, దీపాల వేడి. ఆపేది ఎప్పుడు? పెళ్లయ్యాక, అంటే అత్తారింట్లో అడుగుపెట్టిన మొదటి నెలలో. ఆ మంట అప్పుడు మొదలవుతుంది, ఇప్పటికంటే గట్టిగా. ఒకవేళ వెంటనే గర్భం వస్తే ట్రెటినాయిన్ ఎలాగూ వాడకూడదు. ఆపలేక ఏళ్ల తరబడి హైడ్రోక్వినోన్ రాసుకునేవాళ్లలో కొందరికి బుగ్గల మీద నీలం కలిసిన నలుపు దిగుతుంది. అది వచ్చాక తీయడం మా వల్ల కూడా దాదాపు కాదు. తెల్లబడటానికి వాడినది నలుపు చేసి పోతుంది.

రెండోది, ఈ రాత్రి నుంచే సొంతంగా ఆపేయడం. ఆరు వారాలే కాబట్టి చాలామంది ఇలా ఆపి గట్టెక్కుతారు. కానీ మొదటి రెండు మూడు వారాలు కష్టంగా ఉంటాయి, కొందరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. రాత్రి పదకొండింటికి ముఖం మండుతుంటే డ్రాయర్‌లో ట్యూబు ఉందని గుర్తొస్తుంది. ఒక్కసారికేలే అని రాస్తే మళ్లీ మొదటికొస్తారు. మీరు ఇంటికి దూరంగా గదిలో ఉంటున్నారు, డిసెంబరు చలి, బ్యాంకులో రోజంతా జనం ముఖంలోకి చూస్తుంటారు. అది ఆలోచించుకోండి.

డాక్టరు చేతిలో ఆపడం మూడోది. చూసి, ఒకేసారి ఆపొచ్చా, తక్కువ మోతాదు దానికి మార్చి మెట్లు దించాలా అన్నది తేలుస్తారు. అవసరమైతే స్టెరాయిడ్ కాని మంట తగ్గించే మందు ఇస్తారు. దీనికి ఖర్చు, సెలవు, రెండు మూడుసార్లు తిరగడం ఉంటాయి. అయితే హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. మీ ఊళ్లోనే రిమ్స్ ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి ఉంది. బ్యాంకుకు వెళ్లేముందు ఓపీలో చూపించుకుని రావచ్చు. ట్యూబును పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ‘ఏదో తెల్ల క్రీము’ అంటే మాకు ఏమీ అర్థం కాదు, పేర్లు చూస్తే అరనిమిషంలో అర్థమవుతుంది.

నాకైతే మూడోదే నచ్చుతుంది. అది కుదిరేదాకా వారం పదిరోజులు పట్టేట్టుంటే, ఈలోగా ఆ ట్యూబును ఇప్పుడు రాస్తున్నదానికంటే పెంచొద్దు, ఇంకో కొత్తది మొదలుపెట్టొద్దు. ముఖానికి సబ్బు మాని నీళ్లతో కడిగి, వాసన లేని సాదా మాయిశ్చరైజరో పలచగా పెట్రోలియం జెల్లీయో రాయండి. మంటకు తడిపి పిండిన చల్లటి మెత్తటి గుడ్డ పది నిమిషాలు. నిమ్మరసం, టమాటా, శనగపిండి, టూత్‌పేస్టు ఏవీ వద్దు. కళ్లు వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి.

దుబాయ్ డబ్బా సంగతి. గల్ఫ్ నుంచి వచ్చే సామాన్లలో ఇలాంటి డబ్బాలు మా దగ్గరకూ వస్తుంటాయి. తయారీ చిరునామా లేకుండా, లోపల ఏముందో రాయకుండా, వారంలో తెల్లబరుస్తామనే క్రీముల్లో పాదరసం ఉండే అవకాశం ఉంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్న సంగతి వార్తల్లోకి ఎక్కింది. మూత ఊడదీయకుండానే తిరిగి ఇచ్చేయండి. అన్న నొచ్చుకుంటే డాక్టరు వద్దన్నారని నా మీదకు తోయండి. ఇక పార్లర్ ఇంజెక్షన్లు, రంగు తేలుస్తుందని ఎక్కించే గ్లూటాథియోన్ అనే మందువే అయి ఉంటాయి. నరానికి ఎక్కించేది ఏదైనా పార్లర్ కుర్చీలో ఎక్కించుకోకూడదు. దీంతో తీవ్రమైన అలెర్జీలు, కాలేయం, కిడ్నీ ఇబ్బందులు వచ్చిన దాఖలాలున్నాయి. ఒకవేళ రంగు కాస్త తగ్గినా ఆపగానే తిరిగొస్తుంది. ఆ డబ్బుతో పట్టుచీర ఇంకోటి కొనుక్కోండి.

అమ్మగారి సున్నిపిండి మీద నాకు కోపం లేదు. కానీ అందులో ఏం వేస్తారో ఫోను చేసి అడగండి. పెసలు, బియ్యం, పసుపు, కచ్చూరాలు అంటే సరే. బావంచాలు అన్నారా, అక్కడ ఆపండి. మన వైపు చాలా ఇళ్లలో వేస్తారు, మంచి వాసన కూడా. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం రంగు పెరుగుతుంది, కొందరికి బొబ్బలెక్కుతాయి. బొల్లి మచ్చల్లోకి రంగు రప్పించడానికి తరతరాలుగా వాడుతున్న గింజ అది. తెల్లబడాలని రుద్దుకునే పిండిలో నల్లబరిచే గింజ! ఇన్నాళ్లూ మనల్ని కాపాడింది ఏమిటంటే, రుద్దిన వెంటనే కడిగేసుకోవడం. ట్రెటినాయిన్‌తో పలచబడ్డ మీ ముఖానికి అది అసలు పడదు.

పెళ్లికూతుర్ని చేసేటప్పుడు, మంగళస్నానాల నాడు నలుగు తప్పదు, తప్పించమనను కూడా. ఆ రోజుకు విడిగా బావంచాలు లేకుండా మెత్తగా జల్లించిన పిండి పట్టించమనండి. ముందు నువ్వులనూనె ఒంటికి బాగా పట్టించి, పిండిని చేతులకు, పాదాలకు వేడుకగా రాసి, ముఖానికి వేలి కొసతో పసుపు చుక్క ముట్టిస్తే శాస్త్రం జరిగినట్టే. ముత్తయిదువుల్లో గట్టిగా రుద్దే పెద్దమ్మ ఒకరు ఉంటారు, ఆవిడకు కాళ్ల పని అప్పగించండి. సాధారణంగా నేను ఇంకొకటి చెబుతాను: పెళ్లికి ముందు రెండు వారాల్లో ఫేషియల్, బ్లీచ్, కొత్త క్రీము, ఏదీ మొదటిసారి చేయించుకోవద్దు. మీ విషయంలో రెండు వారాలు కాదు, ఇప్పటి నుంచే. మేకప్ చేసేవాళ్లతో ముందే ఒకసారి చెవి వెనక రాయించి రెండు రోజులు చూడండి. మీ రంగుకు దగ్గరి ఫౌండేషన్ తెమ్మని గట్టిగా చెప్పండి. రెండు ఛాయలు తెల్లటిది పూస్తే ఫొటోలో ముఖం ఒకరిది, మెడ ఇంకొకరిది అవుతుంది. ఆల్బమ్‌లో అది ఉండిపోతుంది.

ఎండ సంగతి క్లుప్తంగా. చలికాలం ఎండ హాయిగా ఉంటుంది, కానీ ఆదిలాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తుకు పైనే ఉంటాడు. స్కూటీ మీద వెళతానన్నారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనకు గొప్ప గొడుగే. బాగా నల్లటి చర్మానికి సహజంగా ఉండే రక్షణ సుమారు ఎస్‌పీఎఫ్ (ఎండను ఆపే శక్తికి కొలత) 13తో సమానమని, తెల్ల చర్మానికి 3 మాత్రమేనని ఒక లెక్క ఉంది. ఆ గొడుగు ఎండదెబ్బ నుంచి కాపాడుతుంది గానీ మచ్చలు ముదరకుండా ఆపలేదు. మన చర్మాన్ని కంటికి కనిపించే వెలుగు కూడా నల్లబరుస్తుంది. అందుకని ఎస్‌పీఎఫ్ 30 ఉన్న, కొంచెం మట్టిరంగు కలిపిన సన్‌స్క్రీన్ అడగండి. ఆ మట్టిరంగు ఐరన్ ఆక్సైడ్, కనిపించే వెలుగును ఆపేది అదే. పైగా మామూలు వాటిలా ముఖానికి సున్నం కొట్టినట్టు కనపడదు. ముఖం మంట పూర్తిగా తగ్గాకే మొదలుపెట్టండి, అప్పటిదాకా స్కార్ఫ్ చాలు.

మీ అసలు రంగు ఏమిటో తెలుసుకోవాలనుంటే అద్దంలో ముఖం చూడకండి. చెయ్యి పైకెత్తి, భుజం లోపలి వైపు, చంకకు కాస్త కింద, ఎండ తగలని చోట చూడండి. మీ ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే రంగు అది. ముఖం అంతకంటే నల్లగా ఉంటే ఆ తేడా వరకు జాగ్రత్తలతో తేరుకుంటుంది. అంతకంటే తెల్లబరుస్తానని ఎవరైనా అంటే చర్మాన్ని పాడుచేస్తానని చెబుతున్నట్టే. రంగు తయారుచేసే కణాలు తెల్లవాళ్లకీ మనకీ దాదాపు ఒకే లెక్కలో ఉంటాయి. మనవి ఎక్కువ పని చేస్తాయి, అంతే.

ఇప్పుడు ఆ తారీకుల కాగితం తీయండి. అబ్బాయి మిమ్మల్ని చూసింది ఆగస్టులో. ట్యూబు కొన్నది అక్టోబరు చివర్లో. అంటే ఆయన ఒప్పుకున్నది ట్యూబు తగలని ముఖాన్ని. క్రీము ఆపితే మీరు వెళ్లేది వాళ్లకు తెలియని మనిషిలోకి కాదు, ఆయన సరేనన్న మనిషిలోకే. నిశ్చితార్థంలో ఛాయ ఎక్కువ ఉందన్నది అత్తగారు. మీ నాలుగు పేజీల్లో అబ్బాయి మీ రంగు గురించి అన్న మాట ఒక్కటి కూడా లేదు. రెండుసార్లు వెతికాను.

ఆయనకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే, “ఒక క్రీము పడలేదు, డాక్టరు ఆపమన్నారు, కొన్నాళ్లు ముఖం బాగుండదు” అన్నంత మామూలుగా చెప్పండి. ఆయన విని, “ఆ క్రీమెందుకు రాశావసలు” అంటే, మీకు సగం టెన్షన్ తీరుతుంది. “పెళ్లయ్యేదాకా వాడేయొచ్చుగా” అన్నాడనుకోండి, అది బాధే, కానీ డిసెంబరులో తెలియడం వేరు, మార్చిలో తెలియడం వేరు. చెప్పకపోయినా తప్పేం లేదు, కాకపోతే జనవరిలో వీడియో కాల్ వచ్చిన ప్రతిసారీ లైటు ఎటు పెట్టాలా అని వెతుక్కోవాల్సి వస్తుంది. అత్తగారి మాటకు మాత్రం ఇప్పుడు జవాబు అక్కర్లేదు. ఎవరైనా “తగ్గావేమిటి” అంటే “ఆదిలాబాద్ చలి అత్తయ్యా” అనండి. అబద్ధం కూడా కాదు.

కొబ్బరినూనె కల్తీది కాదు. 24 డిగ్రీల కిందికి దిగితే అది గడ్డకడుతుంది. కాకినాడలో ఇంతగా గడ్డకట్టడం మీరు చూసి ఉండరు. సీసాను వేడినీళ్ల మగ్గులో ఐదు నిమిషాలు పెడితే కరుగుతుంది. స్నానం చేసి, ఒళ్లు తడిగా ఉండగానే కాళ్లకు పట్టించండి.